బడి కమిటీలో స్థానం సరే... మాట చెల్లేదెలా?

భేజ్జి అటవీ ప్రాంతంలో గిరిజన తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న

చట్టం దృష్టిలో దేశంలోని ప్రభుత్వ పాఠశాలలన్నీ ఒకటే. ఢిల్లీ నగరం నడిబొడ్డున ఉన్న బడికైనా, దండకారణ్యంలోని ఏకోపాధ్యాయ పాఠశాలకైనా ఒక యాజమాన్య కమిటీ ఉండి తీరాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాలకు వారి సంఖ్యకు తగిన స్థానం దక్కాలి. పార్లమెంటు 2009లో ఆమోదించగా 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ సారాంశమిది. అయితే ఆ కమిటీ సమావేశం ఏ భాషలో జరగాలన్నది మాత్రం ఆ సెక్షన్ చెప్పలేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలోని భేజ్జి వంటి చోట్ల అసలు చిక్కు అక్కడే మొదలవుతున్నది.

తెలుగు పాఠకులకు భేజ్జి పేరు కొత్తది కాదు. 2017 మార్చి 11న ఆ సమీపంలో మావోయిస్టులు జరిపిన దాడిలో 12 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు మరణించినప్పుడు ఆ పేరు దేశమంతటా పత్రికల మొదటి పుటకెక్కింది. దూరం దృష్ట్యా కూడా అది మనకు పరాయి ప్రాంతం కాదు. శబరి నది ఒడ్డున ఉన్న కోంటా దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ప్రాంతం. కోంటా నుంచి సుక్మా వైపు వెళ్లే జాతీయ రహదారిపై ఇంజిరం వస్తుంది. అక్కడి నుంచి అడవిలోకి చీలే దారి భేజ్జికి చేరుతుంది. దేశంలో మరే మార్గానికీ లేనంత కాపలాతో ఇటువంటి రోడ్లు వేయవలసి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

కోంటా తహసీల్‌లో దోర్లలు, మురియలు ప్రధానమైన తెగలు. వారి మధ్య హల్బాలు, మహరాలు, సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబాలు కూడా ఉన్నాయి. దోర్లలు మాట్లాడే దోర్లీ కోయభాషకు దగ్గరిది. తెలుగు ప్రభావం అందులో దండిగా కనిపిస్తుంది. మురియలది గోండీ. బస్తర్ అంతటా తెగల మధ్య వారధిగా నడిచే భాష హల్బీ. కోంటా సంతలో తెలుగు ధారాళంగా చెల్లుతుంది. బడి మాత్రం హిందీలో నడుస్తుంది. హాజరుపట్టీ, ఖాతా పుస్తకం, పై అధికారుల నుంచి వచ్చే ఉత్తరువులు సమస్తం హిందీలోనే. కాగితంపై చూస్తే ఇటువంటి చోట ఏర్పడే కమిటీ వైవిధ్యానికి ఆదర్శప్రాయంగా కనిపిస్తుంది. నాలుగు సముదాయాల పెద్దలు ఒకే చాపపై కూర్చుంటారు. కానీ తీర్మానం రాసే భాష వారిలో ఎక్కువ మందికి చదవడం రానిది.

2011 జనాభా లెక్కల నాటికి సుక్మా ప్రత్యేక జిల్లాగా ఏర్పడలేదు. అది అంతర్భాగంగా ఉన్న దంతేవాడ జిల్లాలో అక్షరాస్యత సుమారు 42 శాతం. అప్పటి జాతీయ సగటు 73 శాతం. ఆ 42 శాతంలోనూ పట్టణాలను, రహదారి పక్క గ్రామాలను మినహాయిస్తే లోపలి పల్లెల పరిస్థితి ఊహించుకోవచ్చు.

శిబిరాలుగా మారిన బడులు

ఈ ప్రాంతంలో బడికీ, ఊరికీ మధ్య తెగిన బంధాన్ని అర్థం చేసుకోవాలంటే 2005వ సంవత్సరానికి వెళ్లాలి. ఆ ఏడాది జూన్‌లో సల్వాజుడుం ప్రారంభమైంది. వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. దోర్నపాల్, ఎర్రబోరు, ఇంజిరం, కోంటాల్లో శిబిరాలు వెలిశాయి. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టుల దాడిలో 30 మందికి పైగా మరణించారు. శిబిరాలకు వెళ్లడం ఇష్టంలేని వేలాది కుటుంబాలు శబరి, గోదావరి ప్రాంతాలు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి.

ఈ పోరులో బడి ఇరుపక్షాలకూ గురి అయింది. భద్రతా దళాలు బడి భవనాల్లో మకాం వేశాయి. అవి మళ్లీ మకాములు కాకూడదని మావోయిస్టులు పక్కా భవనాలను పేల్చివేశారు. బడుల్లో ఉన్న దళాలను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2011లో ఆదేశించవలసి వచ్చింది. అదే సంవత్సరం జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన ధర్మాసనం, గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పిన సంగతి విదితమే. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. అంటే తల్లిదండ్రులు బడిని పర్యవేక్షించాలని చట్టం ఆదేశించిన సమయానికి ఈ అడవుల్లోని అనేక ఊళ్లలో పర్యవేక్షించడానికి బడే మిగలలేదు. ఇదే జిల్లాలోని జగర్‌గుండాలో బడి తిరిగి తెరుచుకున్నది 2019లో. పదమూడు సంవత్సరాల విరామం అది. ఒక తరం పిల్లల బాల్యం ఆ విరామంలోనే గడిచిపోయింది.

బడులు మూతపడిన కాలంలో ప్రభుత్వం ప్రత్యామ్నాయంగా చూపినది ఆశ్రమ పద్ధతి. వెదురు, తేలికపాటి పలకలతో త్వరితంగా నిలబెట్టిన 'పోర్టా కేబిన్' పాఠశాలలు రహదారుల వెంట, భద్రతా శిబిరాల సమీపంలో ఏర్పడ్డాయి. ఒక్కొక్క దానిలో దాదాపు 500 మంది పిల్లలకు వసతి కల్పించే ఉద్దేశంతో వీటిని కట్టారు. పిల్లలకు తిండి, చదువు, ప్రాణరక్షణ ఒక్క చోట లభించాయి. ఆ మేలును కాదనలేము. కాని కమిటీ విషయంలో ఈ ఏర్పాటు ఒక చిత్రమైన పరిస్థితికి దారితీసింది. బడి ఒక చోట, పిల్లల ఊళ్లు అనేక చోట్ల. నెలకొక్కసారి సమావేశం జరగాలని కేంద్ర నమూనా నియమావళి చెబుతున్నది. లోపలి పల్లె నుంచి తండ్రి గాని, తల్లి గాని ఆ సమావేశానికి రావాలంటే ఒక రోజు నడక, ఒక రోజు కూలి నష్టం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూవు ఏరుకోవాలి. ఆ వెంటనే తునికాకు కోత. ఏడాది మొత్తంలో ఇంటికి నగదు చేరేది ఆ రోజుల్లోనే. ఆర్థిక సంవత్సరం ముగిసి బడి లెక్కలు తేల్చవలసినది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

తత్ఫలితంగా ఇటువంటి బడుల్లో కమిటీకి అందుబాటులో ఉండేది రహదారి పక్కన నివసించేవారే. వారు ఆ పిల్లల తెగకు చెందినవారైనా కావచ్చు, కాకపోనూవచ్చు. నాలుగింట మూడు వంతుల నిబంధన కాగితంపై నెరవేరినప్పటికీ, అడవి లోపలి ఊరి గొంతు అక్కడికి చేరుతుందన్న భరోసా లేదు.

ఊరు అడిగితే బడి

ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి ఈ ప్రాంతానికి పూర్వం తెలిసినదే. భేజ్జి 2000 నవంబరు 1 వరకు మధ్యప్రదేశ్‌లో భాగం. ఆ రాష్ట్రంలో దిగ్విజయ్ సింగ్ ప్రభుత్వం 1997 జనవరి 1న విద్యా హామీ పథకాన్ని ప్రారంభించింది. కిలోమీటరు దూరంలో బడి లేని ఆవాసంలో 40 మంది పిల్లలుంటే, గిరిజన ప్రాంతమైతే 25 మంది ఉన్నా చాలు, ఊరివారు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 90 రోజుల్లో ప్రభుత్వం బడి మంజూరు చేయాలి. బోధించే 'గురూజీ'ని ఊరే సూచించవచ్చు. స్థలం ఊరు చూపించాలి. గౌరవ వేతనం అత్యల్పమని, అరకొర శిక్షణ గలవారితో గిరిజనులకు రెండవ తరగతి విద్య అందిస్తున్నారని వచ్చిన విమర్శల్లో నిజం లేకపోలేదు. అయినప్పటికీ ఆ పథకంలో ఒక కీలకాంశం ఉన్నది. దరఖాస్తు ఊరి నుంచి బయలుదేరేది. బడి పైనుంచి ఊడిపడేది కాదు.

విద్యాహక్కు చట్టం ఆ దరఖాస్తును హక్కుగా మార్చింది. బడి ఏర్పాటు చేయడం ప్రభుత్వ విధి అయింది. అది నిస్సందేహంగా ముందడుగే. అదే సమయంలో ఊరి పాత్ర కోరే స్థాయి నుంచి పర్యవేక్షించే స్థాయికి మారింది. పర్యవేక్షణకు అక్షరం కావాలి, లెక్క కావాలి, అధికారి ఎదుట నిలబడి మాట్లాడే చొరవ కావాలి.

కమిటీ చేతిలో ఏముంది?

నమూనా నియమావళి ప్రకారం కమిటీ అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు తల్లిదండ్రులకే దక్కాలి. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరుగా వ్యవహరిస్తారు. తల్లిదండ్రులు పోగా మిగిలిన నాలుగో వంతు స్థానాలను మూడు భాగాలు చేసి, ఒకటి స్థానిక సంస్థల ప్రతినిధులకు, ఒకటి ఉపాధ్యాయులకు, మరొకటి స్థానిక విద్యావేత్తలకు లేదా బడి పిల్లలకు కేటాయించారు. ఉదాహరణకు 16 మంది కమిటీ అయితే 12 మంది తల్లిదండ్రులు ఉండాలి. మొత్తం మీద మహిళలు కనీసం 8 మంది. ఉపాధ్యాయుల హాజరు, మధ్యాహ్న భోజనం, పిల్లల చేరిక, నిధుల వినియోగం పరిశీలించడం వీరి విధులు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది మూడేళ్ల పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం.

బాధ్యతల పట్టిక ఇంత పొడవున్నా చేతికందే సొమ్ము స్వల్పం. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్ష పథకం కింద పాఠశాలకు ఇచ్చే వార్షిక గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 100 మంది లోపు పిల్లలున్న చిన్న బడికి నిర్ణయించినది రూ. 25 వేలు. మరీ చిన్న బడులకు దానిని ఆ తర్వాత రూ. 10 వేలకు పరిమితం చేశారు. సుద్దముక్కలు, చీపుళ్లు, తాగునీరు, విరిగిన తలుపు మరమ్మతు అన్నీ అందులోనే. ఉపాధ్యాయ నియామకాలు, బదిలీలు కమిటీ పరిధిలోకి రావు. ఉపాధ్యాయుడు నెలల తరబడి రాకపోతే ఫిర్యాదు చేయడమే గాని మార్చే అధికారం లేదు.

ఈ విషయంలో అమెరికాలోని షికాగో అనుభవం పరిశీలించదగినది. అక్కడ 1988 నాటి చట్టం ద్వారా ప్రతి ప్రభుత్వ పాఠశాలకు స్థానిక మండలి ఏర్పడి, 1989లో మొదటి ఎన్నికలు జరిగాయి. ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు స్థానికులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయుడు అందులో సభ్యులు. నల్లజాతీయులు, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాలు అధికంగా ఉన్న పేటల్లో అంతవరకు ఏ పదవీ ఎరుగని తల్లులు మండలిలో కూర్చున్నారు. ప్రధానోపాధ్యాయుడిని నాలుగేళ్ల ఒప్పందంపై ఎంపిక చేసే అధికారం ఆ మండలికే ఇచ్చారు. అమెరికా పౌరసత్వం లేని తల్లిదండ్రులకు సైతం ఈ ఎన్నికల్లో ఓటు ఉండటం గమనార్హం. ఆసక్తి సన్నగిల్లిన చోట పోటీ చేసేవారే దొరకని మాటా నిజమే. కాని ప్రధానోపాధ్యాయుడిని నియమించే మండలిలో తల్లి అడిగే ప్రశ్నకూ, సుద్దముక్కల లెక్క చూసే కమిటీలో తల్లి అడిగే ప్రశ్నకూ ఉండే బరువు ఒకటి కాదు.

తెలుగు నాట అనుభవం

కమిటీల విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేంద్ర చట్టం కన్నా ముందే అడుగు వేసింది. 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టం చేసింది. విద్యాహక్కు చట్టం వచ్చిన తర్వాత రాష్ట్రం రూపొందించిన నిబంధనల్లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల ఎన్నిక పద్ధతి పెట్టారు. ఆ ముగ్గురిలో ఇద్దరు మహిళలు ఉండాలి. అణగారిన వర్గాలకు, బలహీన వర్గాలకు స్థానం ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు, వార్డు సభ్యుడు పదవి రీత్యా సభ్యులు. ఒక రకంగా ఇది ఊరిలోని అన్ని వర్గాల పెద్దలను బడి గడప ఎక్కించే ఏర్పాటు.

కమిటీకి నిజమైన బరువు వచ్చినది మాత్రం దాని చేతికి పని వచ్చినప్పుడే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రారంభమైన 'నాడు-నేడు' కార్యక్రమం మొదటి దశలో 15 వేలకు పైగా బడుల పనులను కంట్రాక్టర్లకు గాక తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. ఆ కార్యక్రమం రాజకీయ వివాదాలకు అతీతం కాదు. అయితే సిమెంటు బస్తాల లెక్క అడిగే అవకాశం ఊరికి లభించిందన్నది వాస్తవం. తెలంగాణలో 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు ఏర్పాటు చేసి మరమ్మతు పనులు అప్పగించారు. మహిళలకు బాధ్యత దక్కడం హర్షణీయమే. కాని చట్టబద్ధమైన కమిటీ ఒకటి ఉండగా దాని పక్కన మరొకటి నిలబెడితే మొదటిది నామమాత్రం కాదా అన్న అనుమానం సహజం.

భేజ్జి కథ తెలుగు నాటకు సూటిగా తాకేది గుత్తికోయల విషయంలో. 2005 తర్వాత కోంటా, దంతేవాడ ప్రాంతాల నుంచి వలస వచ్చిన ఈ కుటుంబాలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు తదితర జిల్లాల అడవుల్లో ఆవాసాలు ఏర్పరచుకున్నాయి. సరిహద్దుకు అవతల షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్నవారికి ఇవతల ఆ ధ్రువపత్రం లభించడం లేదు. అటవీ భూమిపై హక్కు విషయంలోనూ తరచు వివాదాలే. ఇంత అనిశ్చితిలోనూ వారి పిల్లల్లో కొందరు తెలుగు మాధ్యమం బడుల్లో చేరారు. పిల్లవాడు బడిలో ఉంటే తండ్రి కమిటీకి అర్హుడు. అందుకు తండ్రి నివాస ధ్రువపత్రం చూపాలని గాని, కుల ధ్రువపత్రం చూపాలని గాని 21వ సెక్షన్ అడగదు.

ఇక్కడ చట్టంలో అంతగా ఎవరి దృష్టికీ రాని ఒక వాక్యం ఉంది. 'అణగారిన వర్గాల' నిర్వచనంలో షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులతో పాటు సామాజిక, సాంస్కృతిక, ఆర్థిక, భౌగోళిక, భాషాపరమైన కారణాల వల్ల వెనుకబడిన ఇతర సమూహాలను కూడా చేర్చారు. అయితే సంబంధిత ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా గుర్తించాలి. తెగ గుర్తింపు వివాదం తేలేందుకు దశాబ్దాలు పట్టవచ్చు. భాష కారణంగా వెనుకబడిన సమూహమని ప్రకటించి బడి కమిటీలో వారికి తగిన స్థానం కల్పించడానికి అంత కాలం అవసరం లేదు. సరిహద్దుకు ఇవతల గుత్తికోయలకైనా, అవతల హిందీ రాని దోర్ల, మురియ తల్లిదండ్రులకైనా ఈ దారి తెరిచే ఉన్నది.

మధ్యవర్తులు ఊరిలోనే ఉన్నారు

భాష చిక్కును విప్పగలవారు ఊళ్లో లేక కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి నడుస్తున్న 'మితానిన్' పథకంలో ఊరే ఎంచుకున్న ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. ఇంటి భాష ఆమెదే, ఆస్పత్రి భాషా ఆమెకు కొంత తెలుసు. సుక్మా, బీజాపూర్ జిల్లాల్లో బడులను పునరుద్ధరించినప్పుడు స్థానిక యువకులను 'శిక్షాదూత్'లుగా నియమించారు. వారికి గోండీ, దోర్లీ మాతృభాషలు. ఇన్‌ఫార్మర్లన్న ఆరోపణతో వీరిలో పలువురిని 2024, 2025 సంవత్సరాల్లో మావోయిస్టులు హతమార్చారు. స్వల్ప పారితోషికానికి ప్రాణాలొడ్డి ఊరి బడిని నిలబెట్టినవారు వీరే. ఇటువంటి యువకులకు, మితానిన్‌కు, ఊరి పటేల్‌కు, పూజారికి కమిటీలో చోటివ్వడానికి 'స్థానిక విద్యావేత్త' స్థానం ఉపకరిస్తుంది. విద్యావేత్త అంటే పట్టా పుచ్చుకున్నవారే కావాలని ఎవరూ అనుకోనవసరం లేదు. ఆ స్థానానికి ఎవరిని తీసుకోవాలో నిర్ణయించేది కమిటీలోని తల్లిదండ్రులే.

మహిళా సభ్యుల సంగతి మరికొంత సున్నితమైనది. సగం స్థానాలు వారివే. బస్తర్ సంతల్లో అమ్మకాలు, కొనుగోళ్లు నడిపేది ప్రధానంగా మహిళలే. బేరంలో వారిని మించినవారు లేరు. అదే మహిళ బడి వరండాలో కుర్చీలపై కూర్చున్న ఉపాధ్యాయుడు, కార్యదర్శి, సర్పంచ్‌ల ఎదుట హిందీలో చదివిన తీర్మానానికి తల ఊపి వేలిముద్ర వేస్తే అది ఆమె చేతకానితనం అనుకోవడం పొరపాటు. సమావేశం జరిగే తీరులోనే ఆ లోపం ఉంది. తీర్మానాన్ని ముందు దోర్లీలోనో, గోండీలోనో చదివి వినిపించి, ఆ తర్వాతే హిందీలో రాయాలన్న ఒక్క నిబంధన పెడితే ఖజానాకు నయాపైసా ఖర్చు ఉండదు.

ప్రాథమిక తరగతుల్లో స్థానిక భాషల్లో బోధన చేపడతామని నాటి ముఖ్యమంత్రి భూపేష్ బఘేల్ 2020 జనవరి 26న ప్రకటించారు. గోండీ, హల్బీ వంటి భాషల్లో పాఠ్యసామగ్రి తయారైంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం కూడా కనీసం అయిదో తరగతి వరకు వీలైన చోటల్లా మాతృభాషలో బోధించాలని చెప్పింది. ఆ పుస్తకాలు తమ బడికి చేరాయో లేదో, చేరితే తెరిచారో లేదో చూడవలసినది ఆ బడి కమిటీయే. పిల్లవాడి పుస్తకానికి వర్తించిన సూత్రం తల్లిదండ్రుల సమావేశానికి వర్తింపజేయాలన్న ఆలోచన విధాన పత్రాల్లో కనిపించదు.

నమూనా నియమావళి ప్రకారం కొత్తగా ఏర్పడిన కమిటీ ఆ ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు, అంటే డిసెంబరు నెలాఖరుకల్లా అభివృద్ధి ప్రణాళికను సిద్ధం చేయాలి. రానున్న మూడేళ్లకు తరగతి వారీగా పిల్లల అంచనా, కావలసిన ఉపాధ్యాయులు, గదులు, సామగ్రి, వాటికయ్యే ఖర్చు అందులో రాయాలి. దానిపై అధ్యక్షుడు లేదా ఉపాధ్యక్షుడు, కన్వీనరు సంతకాలు చేసి స్థానిక సంస్థకు పంపాలి. కోంటా తహసీల్‌లో డిసెంబరు అంటే వరి కోతలు, నూర్పిళ్లు ముగింపుకొచ్చి, ఇప్పపూవు ఇంకా రాలని రోజులు. లోపలి ఊళ్లవారు ఒక పూట తీరిక చేసుకుని బడి దాకా నడిచి రాగల రోజులు ఏడాదిలో ఏవైనా ఉంటే అవే.